ఖాళీగా ఉంచమన్న పేజీ

"ఆ బ్లేడు కింద పెట్టండి. ఒక్క పేజీ కోసేరంటే నామీద ఒట్టే," అంది సంధ్యారాణి.

గణపతిరావు బ్లేడు కింద పెట్టలేదు. అలాగని కొయ్యనూ లేదు. కొత్త పుస్తకాల కట్టల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్ళో ఒక పుస్తకం తెరిచి పెట్టుకుని, బిక్కమొహం వేసుకుని భార్యవైపు చూశాడు.

"కొయ్యకపోతే ఏటి సెయ్యమంటావు మరి? సాయంత్రం సభ. మీ అక్క మూడింటి బస్సుకి దిగుతాది. దిగడం తరువాయి, పుస్తకం తెరుస్తాది. తెరిస్తే ఇదే పేజీ. నీకేటి, చెల్లెలివి. నన్నయితే నిలువునా పాతరేస్తాది."

"వెయ్యాల్సిందే. ఖాళీగా ఉంచమని నోరారా చెప్తే, అందులో మాట పెట్టడానికి మీకు చేతులెలా వచ్చేయండీ?"

"గట్టిగా అరవకు. మావయ్య లోపలున్నారు."

ఆ మాటతో ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆఫీసు గదికీ వెనక గదికీ మధ్య ఉన్నది ఒక్క తెర. తెర వెనక సంధ్యారాణి తండ్రి పెదబాబు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కూతురు చేస్తానన్నా ఇవ్వలేదు, అల్లుడు చేస్తానన్నా ఇవ్వలేదు. ఇవాళ ఆయన హడావుడి పెళ్ళికొడుక్కి కూడా ఉండదు.

ఇంత గొడవా ఒక్క మాట గురించి. సంధ్యారాణి అక్క ఝాన్సీ రాసిన కొత్త నవలలో పేరున్న పేజీ తిప్పితే, తరవాతి పేజీ మధ్యలో ఒంటరిగా ఉంది ఆ మాట.

'నాన్నకి.'

నవలంతా ఝాన్సీ రాసింది. ఈ మాట మాత్రం గణపతిరావు రాశాడు.

వాళ్ళ ఆఫీసు ముందు కొత్తబెల్లం ప్రచురణలు అన్న బోర్డు చూసి చోడవరంలో ఇప్పటికీ కొందరు బెల్లం కొట్టనుకుని లోపలికి వస్తారు. పుస్తకాలు చూసి, "ఓహో, ఇదా" అని మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతారు. అంతకు ముందు అది శుభలేఖలు అచ్చువేసే కొట్టు. పెళ్ళివారు తొందరలో మేనమామ పేరు రాయడం మరిచిపోయినా, పెళ్ళికూతురి ముందు చిరంజీవి అనడం మరిచిపోయినా గణపతిరావే వేసేసేవాడు. ఎవరూ కాదనలేదు సరికదా, భేషన్నవాళ్ళే ఎక్కువ. పుస్తకాలు మొదలుపెట్టాక ఆ అలవాటు అంకితం పేజీకి పాకింది. రచయిత ఏమీ చెప్పకపోతే 'అమ్మానాన్నలకి' అని వేసేస్తాడు. వద్దన్నా వేసేస్తాడు. బంతిలో వద్దన్నవాడి విస్తట్లోకి ఇంకో గరిటె వడ్డించడం లేదూ, అలాగన్నమాట.

"మీ అక్క అంకితం ఏటీ లేదంది. మొహమాటం అనుకున్నాను," అన్నాడు గొంతు తగ్గించి. "ముందు పుస్తకం మీ అమ్మకి ఇచ్చేసింది కదా. అందుకని ఇది నాన్నకి అని వేసేను. వరస ప్రకారం."

"వరసట, వరస! ఇదేటి పెళ్ళికార్డా?"

"అలవాటు సంధ్యా. నిజం చెప్పాలంటే అలవాటు సగమే. మిగతా సగం మీ నాన్న మొహం. నేను లేననుకుని ఆ అలమారా దగ్గర నించుని, మీ అక్క పుస్తకాలు తీసి, అట్ట తుడిచి, మళ్ళీ పెట్టేస్తారు. చదవరు. తుడుస్తారంతే. ఎన్నాళ్ళు సూస్తాను?"

సంధ్యారాణికి కోపం ఎక్కడికో జారిపోయింది. కోపం ఉన్నంతసేపే బాగుంది. అది పోయాక మిగిలింది భయం.

లోపలి మేటరు దిద్దే పని ఆమెది, అట్ట, ముందు పేజీల పని గణపతిరావుది. పెళ్ళైన కొత్తలో పెట్టుకున్న పద్ధతి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. అందుకే కట్టలు వచ్చిన రోజుదాకా ఆమె కూడా ఆ పేజీ చూడలేదు.

ఆ రోజు కట్ట విప్పి, అలవాటు చొప్పున మొదటి పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఏ పుస్తకానికైనా ఆ పని చేస్తుంది. తరవాత పేజీ తిప్పింది. 'నాన్నకి.' పుస్తకాల కట్టమీదే కూర్చుండిపోయింది. అక్క రాసిందనే నమ్మింది. ఎందుకు నమ్మదు? ఆ నవల నాలుగుసార్లు ప్రూఫు చూసిన మనిషి కదా. అందులో తండ్రి ఒక్కసారి కూడా ఇంట్లో అడుగుపెట్టడు. ఆయన కుర్చీ ఉంటుంది, చెప్పులు ఉంటాయి. కంచం పెట్టి ఉంటుంది. ప్రతి అధ్యాయంలోనూ ఇంటిల్లిపాదీ ఆయన కోసం ఎదురుచూస్తుంటారు. ప్రూఫులు దిద్దుతూ సంధ్యారాణి కూడా ఎదురుచూసింది. ఈ అధ్యాయంలో వస్తాడేమో, పై దాంట్లో వస్తాడేమో అని. ఆఖరి పేజీ అయిపోయినా రాలేదు. అప్పుడు పెన్ను కింద పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అలాంటి పుస్తకం మొదట్లో 'నాన్నకి' అని కనపడితే నమ్మకుండా ఎలా ఉంటుంది?

నమ్మి ఊరుకుంటే బాగుండేది. పరిగెత్తుకుంటూ వెనక గదిలోకి వెళ్ళి తండ్రికి చదివి వినిపించింది.

పెదబాబు మంచం మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. "మళ్ళీ సదువు," అన్నాడు. మళ్ళీ చదివింది. కళ్ళజోడు తెమ్మన్నాడు. తనే చూశాడు. "అచ్చులోనే ఉందేటి?" అన్నాడు. "అచ్చులోనే నాన్నా." "ఈ ఒక్కదాంట్లోనేనా, అన్నిట్లోనూ ఉందా?" ఆమె ఇంకోటి తెచ్చి చూపించింది. ఇంకోటీ తెచ్చింది. ఆయన మూడూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పల్లీల చేట పక్కకి జరిపేశాడు. ఆ పూట అన్నానికి లేవలేదు.

పాతికేళ్ళు పైమాటే అయింది తండ్రీ పెద్దకూతురూ మాట్లాడుకుని. ఝాన్సీ కాలేజీలో ఉండగా ఒక కథ రాసింది. ఒక వారపత్రికలో పడింది. అందులో ఒక ఇల్లు, ఆ ఇంట్లో భర్త పోయిన ఆడబిడ్డ, అందరి భోజనాలూ అయ్యాక గిన్నెల అడుగు గీరుకుని తినే ఆడబిడ్డ. చదివిన ప్రతివాళ్ళకీ అర్థమైపోయింది, అది పెదబాబు ఇల్లని, ఆ ఆడబిడ్డ ఆయన చెల్లెలు చిన్నమ్మి అని. బంధువులు ఇంటికి వచ్చి మరీ దులిపిపోయారు. అది చాలదన్నట్టు కాలేజీ వార్షికోత్సవంలో ఆ కథకి బహుమతి ఇచ్చి, తండ్రిగా నాలుగు మాటలు చెప్పమని మైకు పెదబాబు చేతికిచ్చారు.

"మా గుంటకి అంత తెలివి ఎక్కడిది బాబూ? ఎక్కడో సూసి రాసేసుంటాది," అన్నాడాయన.

జనం గొల్లుమని నవ్వారు. కథ ఎక్కడిదో అయితే ఆ ఇల్లూ ఎవరిదో. ఇంటి పరువు నిలబడింది. ఝాన్సీ బహుమతి బల్లమీద పెట్టేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. తరవాత వైజాగ్‌లో ఉద్యోగం, అక్కడే కాపురం. తల్లి పోయినప్పుడు వచ్చింది. పదోరోజు దాకా ఉంది. తండ్రి ఎదురొస్తే పక్కకి తప్పుకుంది తప్ప పలకలేదు. మధ్యలో సంధ్యారాణి. "నాన్నకి జ్వరం తగ్గిందా" అని అక్కడ అడిగితే ఇక్కడినుంచి జవాబు, "దానికి కొత్త ఇల్లు సరిపోయిందా" అని ఇక్కడ అడిగితే అక్కడినుంచి జవాబు. ఇద్దర్నీ ఒక్క బల్లకి ఎదురెదురుగా కూర్చోబెట్టి, తను నోరు మూసుకుని వినాలని ఆమె ఆశ. బతుకులో ఇంకేమీ కోరుకోలేదని కాదు. మిగతా కోరికలు వచ్చాయి, పోయాయి. ఇది పోలేదు.

ఈ నవల తమకి ఇమ్మని, సభ చోడవరంలోనే పెట్టుకుందామని ఏళ్ళ తరబడి వేధిస్తే ఝాన్సీ చివరికి సరేనంది. "ఆయన హాల్లో కూచుంటే నాకేం అభ్యంతరం లేదు. స్టేజి మీదకి మాత్రం వద్దు," అంది. పుస్తకం చూశాక ఆ షరతు కూడా రద్దయిపోయిందని సంధ్యారాణి సంబరపడింది. అంకితం పుచ్చుకునేవాడు స్టేజి ఎక్కకుండా ఎలా?

ఈ పొద్దున్న ఝాన్సీ ఫోను చేసింది.

"సంధ్యా, ముందే చెప్తన్నాను. అంకితం లేదు కదా, ఆ చీరలు పెట్టడం, దండలెయ్యడం, ఆ తంతేదీ పెట్టకండి. పుస్తకం విడుదల చేసేసి, రెండు మాటలు మాటాడి ఊరుకుందాం."

"అక్కా, నువ్వు హాలుకి కాదు, ముందు ఆఫీసుకి రా. పుస్తకంలో చిన్న తప్పు పడింది," అని మాత్రం అనగలిగింది. చిన్న తప్పట!

"సంధ్యా!" తెర వెనకనుంచి పెదబాబు కేక. "పంచె కట్టుకోనా, పేంటు ఏసుకోనా? ఇలా రా ఓపాలి."

గణపతిరావు కళ్ళెత్తి, "వెళ్ళు. ఇప్పుడే సెప్పెయ్యి," అన్నాడు గుసగుసగా.

"మీరే చెప్పండి. రాసింది మీరు."

"రాసింది నేనే. పరిగెత్తుకెళ్ళి చదివింది ఎవరు?"

సంధ్యారాణి తల వంచుకుని లోపలికి వెళ్ళింది.

మంచం మీద పంచె, పేంటు పక్కపక్కన పరిచి ఉన్నాయి. తలగడ మీద ఒక చీర ప్యాకెట్టు. మెంతిరంగు మీద ఎర్ర అంచు. మొన్న ఎవరికీ చెప్పకుండా అనకాపల్లి వెళ్ళి కొనుక్కొచ్చాడు. అంకితం పుచ్చుకున్నవాళ్ళు రాసినవాళ్ళకి కొత్తబట్టలు పెట్టాలని ఆయనకి తెలుసు. భార్య బతికున్నన్నాళ్ళూ చీరల కొట్టు గుమ్మం ఎక్కి ఎరగడు.

"పంచే కట్టుకోండి నాన్నా."

"అదే అనుకున్నాను. ఒసే, దానికి ఏ రంగు ఇష్టమే? కొట్టోడు అడిగేడు. నాకు తెలీలేదు. చిన్నప్పుడు మెంతిరంగు గౌనొకటి ఉండీది కదా దానికి, అది గేపకం వచ్చి ఇది తీసేను."

సంధ్యారాణి ఆలోచించింది. అక్కకి ఏ రంగు ఇష్టమో ఆమెకీ తెలీదు. మనిషి ఇల్లు వదిలాక ఆమె ఇష్టాలు ఎవరు చూశారు గనక? "బాగుంది నాన్నా," అంది. "నాన్నా, ఒక మాట…"

"ఆగు. ముందు నా మాట ఇను. స్టేజి మీద దానితో ఏటి మాటాడాలో నాకు తెలీదు. సీర సేతిలో పెట్టి ఊరుకుంటాను. మైకులో మాత్రం ఒక్కటి సెప్తాను. ఈ పుస్తకం మా పెద్దగుంట సొంతంగా రాసిందీ అని. ఆ కథ కూడా అదే రాసింది, వరండాలో కూచుని రాస్తంటే నేను కళ్ళారా సూసేను అని. సెప్పొచ్చా? సభలో అలాటియి సెప్తారా?"

ఎన్నేళ్ళ మాటో అది. అక్క ఎదురుచూసింది ఇదే మాటకని సంధ్యారాణికి తెలుసు. చాటుగా క్షమించమంటే ఝాన్సీకి అక్కర్లేదు. పదిమందిలో అన్నమాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. ఒకసారి తల్లి కాళ్ళు పట్టుకున్నంత పనిచేస్తే ఝాన్సీ అన్నది ఇంతే. "మైకులో అన్నారమ్మా. మైకులోనే అనాలి." ఇన్నాళ్ళకి ఆయన అనబోతున్నాడు. కూతురు తనకి అంకితమిచ్చిందన్న ధైర్యంతో అనబోతున్నాడు. అది కూతురి మాట కాదని ఇప్పుడు చెప్తే ఆ ధైర్యం ఉంటుందా? చెప్పకుండా సభకి తీసుకెళ్తే, అక్కడ అందరి ముందూ ఝాన్సీ మొహం తిప్పేసుకుంటే?

"చెప్తారు నాన్నా," అంది సంధ్యారాణి. "తప్పకుండా చెప్పండి."

చెప్పాల్సింది చెప్పకుండానే బయటికి వచ్చి కట్టమీద కూర్చుంది. ఏమైందని భర్త అడగలేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది.

హాలు దగ్గర పనులు వాటి మానాన అవి సాగుతున్నాయి. ఫ్లెక్సీ కట్టారు. మాడుగుల హల్వా వచ్చేసింది. పుస్తకం సభకి జనం రావాలంటే హల్వా ఉండాలని గణపతిరావు సిద్ధాంతం. వెనకటి సభలో ఒక కవిగారు మూడు జీపుల నిండా చుట్టాల్ని తెచ్చి, ఫొటో అవగానే మూడు జీపులూ ఎక్కించుకుపోతే, మిగిలిన ఖాళీ కుర్చీల ముందు ముఖ్య అతిథి గంటసేపు మాట్లాడాడు. అట్ట వెనకాల ఉన్న నాలుగు వాక్యాలే తిరగేసీ బోర్లేసీ. అలాంటివన్నీ చెప్పుకుని భార్యాభర్తలు కడుపుబ్బ నవ్వుకునేవారు. ఇవాళ ఏదీ నవ్వు తెప్పించడం లేదు.

ఎన్ని పుస్తకాలు చేతుల మీదుగా వెళ్ళాయో! మొదట్లో వచ్చే ఆ ఖాళీ పేజీల గురించి సంధ్యారాణి ఎప్పుడూ ఆలోచించలేదు. కాగితం దండగ అనుకునేది. వాటిలో కూడా ఒకరి మనసు ఉంటుందని ఇవాళ తెలిసింది. అక్క అంత నవల రాసి, ఆ ఒక్క పేజీ దగ్గర చెయ్యి ఎందుకు ఆపింది? కోపమా? కోపమైతే భర్త పేరో, స్నేహితురాలి పేరో పెట్టెయ్యొచ్చు కదా.

వాకిట్లో ఆటో ఆగింది.

ఝాన్సీ దిగింది. చేతిలో చిన్న సంచీ, కళ్ళజోడు, జుట్టు ముందుభాగం నెరిసింది. రంగు వేసుకోదు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"ఏటా చిన్న తప్పు?" అంది కూర్చుంటూనే. "అధ్యాయం ఎగిరిపోయిందా?"

"మంచినీళ్ళు తాగు అక్కా."

"తరవాత తాగుతాను. పుస్తకం ఇలా ఇయ్యి."

ఎవరూ ఇవ్వలేదు. ఆమే కట్టలోంచి ఒకటి లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సంధ్యారాణికి ఏడుపొచ్చినంత పనైంది. పేజీ తిరిగింది.

ఝాన్సీ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఎవరు రాసేరిది?"

"నేనే వదినా," అన్నాడు గణపతిరావు. "తప్పయిపోయింది."

"నేను ఖాళీగా ఉంచమన్నాను."

"అన్నారు. నేనే…"

"మరిదిగారూ, పదహారేళ్ళు పట్టింది నాకీ పుస్తకం. ఇందులో ఒక్క మాట నాది కాకుండా ఉండకూడదని ఎంత జాగ్రత్తపడ్డానో మీకు తెలీదు. మీ ఆవిడకి తెలుసు. ఒక కామా తీస్తానంటే కూడా ఫోన్లో దెబ్బలాడేను." ఆ మాట మీద వేలు పెట్టింది. "ఎక్కడో చూసి రాసేసిందని ఇంకోసారి అనిపించుకోకూడదని."

"అక్కా, మెల్లిగా…"

"ఎందుకు మెల్లిగా? ఆ బ్లేడు ఇలా ఇయ్యండి. సభ లేటయితే అవనీ. అన్నిట్లోనూ కోసి పారేస్తాను."

గణపతిరావు బ్లేడు అందించబోయాడు. సంధ్యారాణి అడ్డంపడి అక్క చెయ్యి పట్టుకుంది. "నాన్నకి చెప్పేసేనక్కా. నువ్వే రాసేవనుకున్నాను. చదివి వినిపించేసేను. ఆయనకి ఇంకా తెలీదు."

"ఏటి తెలీదు?"

"నువ్వు రాయలేదని."

ఝాన్సీ చెల్లెల్ని కొట్టేస్తుందేమో అన్నట్టు చూసింది. సరిగ్గా అప్పుడే తెర వెనకనుంచి గొంతు ఖంగుమంది.

"సభకి నమస్కారం."

చక్కెర ఫ్యాక్టరీలో మిల్లు పక్కన బతుకంతా గడిపిన గొంతు అది. మెల్లిగా మాట్లాడడం ఆయనకి చేతకాదు. గొణుక్కున్నా వీధిలోకి వినపడుతుంది.

"నా పేరు పెదబాబు. ఈ పుస్తకం రాసిన ఝాన్సీ మా పెద్దగుంట. మా పెద్దమ్మాయి." ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "సభకి నమస్కారం. ఈ పుస్తకం మా పెద్దమ్మాయి సొంతంగా…" అక్కడ ఆగిపోయాడు. దగ్గు. మంచినీళ్ళు గుటకేసిన చప్పుడు. "సొంతంగా రాసింది. సొంతంగా రాసింది. ఆ కథా అదే రాసింది. నేను కళ్ళారా సూసేను."

ఝాన్సీ చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. చెల్లెలి చేతిలో ఉన్న ఆమె చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది.

"పొద్దుట్నుంచీ ఇదేనక్కా," అంది సంధ్యారాణి, వినీ వినపడనట్టు. "నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క పూట ఊరుకో. ఆ మాట అననీ. నువ్వే కదా మైకులో అనాలన్నావు. రేపు పేజీ కోసేద్దాం, పుస్తకాలన్నీ మళ్ళీ వేసేద్దాం. ఈ పూట మాత్రం…"

"అబద్ధం మీద నిలబడి అంటారా ఆ మాట?"

"ఎలాగో ఒకలా అననీ అక్కా!"

తెర తొలిగింది.

పెదబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. చేతిలో చీర ప్యాకెట్టు. పెద్దకూతుర్ని చూసి అడుగు ముందుకు వెయ్యబోయి ఆగాడు.

"వచ్చేవా అమ్మా," అన్నాడు. తరవాత ఏమనాలో తెలీక ప్యాకెట్టు ముందుకు చాచాడు. "స్టేజి మీద ఇద్దామనుకున్నాను. రంగు నచ్చకపోతే మార్సుతానన్నాడు కొట్టోడు."

ఝాన్సీ ప్యాకెట్టు అందుకోలేదు. చీరవైపు చూసింది. చెల్లెలివైపు చూసింది. సంధ్యారాణి రెండు చేతులూ జోడించి ఉంది.

"కూచోండి నాన్నా," అంది ఝాన్సీ.

నాన్నా అంది. పాతికేళ్ళ తరవాత అంది. పెదబాబు మాత్రం కూర్చోలేదు. పిలుపు విన్నవాడు విన్నట్టే నిలబడిపోయాడు.

"ఈ పుస్తకం మొదట్నుంచి చివరిదాకా నేనే రాసేను నాన్నా. ఈ ఒక్క మాటే నేను రాయలేదు."

పెదబాబు ముందు అర్థం కానట్టు చూశాడు. అల్లుడివైపు తిరిగాడు. అల్లుడు తల దించుకున్నాడు. చిన్నకూతురివైపు తిరిగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మొహం మీద నాలుగు రోజులుగా ఉన్న వెలుగు చూస్తుండగానే ఆరిపోయింది.

"అయితే అక్కడ నువ్వేటి రాసేవు?"

"ఏం రాయలేదు. ఖాళీగా ఉంచమన్నాను."

"నా మీద కోపం."

"కోపమైతే ఇంకొకరి పేరు రాసేద్దును." ఝాన్సీ ఆ పేజీవైపు చూసింది. "మీ పేరు రాస్తే అబద్ధం. ఇంకొకరి పేరు రాసినా అబద్ధమే. రెండూ రాసి చూసేను. కొట్టేసేను. ఏం రాయాలో తెలీలేదు నాన్నా నాకు."

గణపతిరావు ఫోను మోగింది. కట్టేశాడు. మళ్ళీ మోగింది. హాలు దగ్గరినుంచి కాబోలు. మళ్ళీ కట్టేశాడు.

పెదబాబు చీర ప్యాకెట్టు మెల్లిగా బల్లమీద పెట్టాడు. గోడ పట్టుకుని వాకిట్లోకి నడిచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోసాగాడు.

"నాన్నా, ఎక్కడికి?" అంది సంధ్యారాణి కంగారుగా.

"సభకి."

"సభకా? కానీ నాన్నా, అంకితం అదీ లేనప్పుడు స్టేజి మీదకి…"

"టేజీ ఎందుకే? కింద నించుని సెప్తే ఇనపడదేటి? మిల్లు కాడ నాకు మైకిచ్చేరా ఎవలైనా?" అన్నాడు విసుగ్గా. తరవాత పెద్దకూతురివైపు తిరిగాడు. ఈసారి గొంతు ఆశ్చర్యంగా చిన్నదైపోయింది. "ఆ మాట అబద్దం కావచ్చు. నేను సెప్పబోయింది అబద్దం కాదు కదమ్మా. సెప్తే నువ్వక్కడ ఉంటావా? ఉండనంటే సెప్పీ. నువ్వు లేని కాడ నేను ఎవలికి సెప్పాలి?"

ఝాన్సీ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. జవాబు కోసం ముగ్గురూ చూస్తున్నారు.

"మీరు చెప్పేదాకా ఉంటాను," అంది. "ఆ తరవాత ఉంటానో లేదో నాకు తెలీదు నాన్నా."

"అంతే సాలు," అన్నాడు పెదబాబు.

ఇంకో మాట వింటే ఎక్కడ మనసు మార్చుకుంటుందో అన్నట్టు గబగబా మెట్లు దిగిపోయాడు. గణపతిరావు తాళాలు పట్టుకుని ఆయన వెనక పరిగెత్తాడు. వీధిలో స్కూటరు స్టార్టు చేస్తున్న చప్పుడు, "మావయ్యా, ఆగండి, నడిచెళ్తారేటి!" అన్న కేక వినపడ్డాయి.

గదిలో అక్కాచెల్లెళ్ళు మిగిలారు. సంధ్యారాణి సంచీ తీసుకుంది, గొళ్ళెం దగ్గర నిలబడింది. ఝాన్సీ ఇంకా కుర్చీలోనే ఉంది.

"అక్కా, పద."

"వస్తన్నాను," అంది ఝాన్సీ. కదల్లేదు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని లేవబోయింది. మళ్ళీ కూర్చుండిపోయింది. చోడవరంలో ఎవరికీ తల వంచని మనిషి, చెల్లెలివైపు చిన్నపిల్లలా చూసింది.

"సంధ్యా, నన్ను కొంచెం లేవదియ్యవే," అంది.

సంధ్యారాణి వెనక్కి వచ్చి చెయ్యి అందించింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని లేచింది.